వెనక షాకప్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది నరసరావుపేట. 2013 డిజైర్ డీజిల్ బండి, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్లుగా గతుకుల్లో వెనక నుంచి టకటకమని చప్పుడొస్తోంది. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం రెండు మూడు సార్లు ఊగితే గానీ ఆగడం లేదు. మెకానిక్‌కి చూపిస్తే ‘షాకప్‌లు, స్ప్రింగులు, బుష్‌లు అన్నీ మార్చాలి’ అన్నారు. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. టెక్సస్‌లో ఉండే మా అన్నయ్య తన 2012 కామ్రీకి వెనక షాకప్‌లు ఇంటి ముందే మార్చుకుని వీడియో పంపాడు. అది చూశాక నేనూ చేద్దామనుకుంటున్నాను. నాన్నగారు ససేమిరా అంటున్నారు. బండితో వచ్చిన జాకీ సరిపోతుందా? ఏమేం కొనాలి? తర్వాత అలైన్‌మెంట్ చేయించాలా?

సమాధానం: జాకీ సంగతి ముందు చెబుతాను. సరిపోదు. దారిలో పంక్చరైతే స్టెప్నీ వేసుకునేంతసేపు బండిని ఎత్తి ఉంచడానికి ఇచ్చిన జాకీ అది. దాని మీద బండిని నిలబెట్టి కిందికి దూరకూడదని బండితో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. కాబట్టి మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. అలాగని మీ ఉత్సాహం తప్పూ కాదు. ముందు బ్రేక్ ప్యాడ్లు సొంతంగా మార్చుకునే మనిషికి మీ బండి వెనక షాకప్‌లు మార్చడం చేతకాని పనేమీ కాదు. అయితే మొదటి నట్టు వదులు చేసినప్పటి నుంచి చివరి నట్టు బిగించేదాకా ఒక ప్రశ్న మీ మనసులో తిరుగుతూనే ఉండాలి. ఈ క్షణాన బరువు ఎవరు మోస్తున్నారు? ఈ పనిలో నేను చూసిన ప్రమాదాలన్నీ, చెడిపోయిన కొత్త సామాన్లన్నీ ఆ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల జరిగినవే.

షాకప్ బండిని మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసేది స్ప్రింగు. మీ డిజైర్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు ఒక టన్ను బరువుంటుంది. ఇంజను ముందుంది కాబట్టి అందులో నూటికి 60 వంతులు ముందు చక్రాల మీద, 40 వంతులు వెనక చక్రాల మీద పడతాయనుకోండి. అంటే వెనక ఒక్కో స్ప్రింగు, మనుషులెవరూ ఎక్కకముందే, అటూఇటూగా 200 కిలోలు మోస్తోంది. గుంతలో పడ్డప్పుడు అది నొక్కుకుంటుంది, తిరిగి లేస్తుంది, మళ్లీ నొక్కుకుంటుంది. దాని మానాన వదిలేస్తే తోసి వదిలిన ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాకప్ పని. లోపల నూనె ఉంటుంది. పిస్టను కదిలినప్పుడల్లా ఆ నూనె సన్నటి రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. ఊగే శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద ఓ గంట తిరిగొచ్చి రెండు వెనక షాకప్‌ల ఒళ్లూ చేత్తో తాకి చూడండి. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లటిది పని మానేసిందని అర్థం. పక్కనే సైలెన్సరు గొట్టం ఉంటుంది, దానికి చెయ్యి తగలనివ్వకండి.

మీ బండి ఊగుతోందన్నారు కాబట్టి షాకప్‌ల పని అయిపోయిందని నమ్ముతాను. టకటక చప్పుడు కూడా వాటిదేనని మాత్రం ఇప్పుడే అనుకోకండి. ముందు డిక్కీ మొత్తం ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, పానాల సంచి, మూలన మర్చిపోయిన నీళ్ల సీసా, అన్నీ తీసేసి అదే రోడ్డు మీద ఒకసారి తిరిగి రండి. స్టెప్నీ బిగించే మర వదులై నెలల తరబడి టకటకలాడిన బండ్లు నా చేతుల మీదుగా చాలానే పోయాయి. చప్పుడు ఇంకా ఉంటే ఇంట్లో వాళ్లని డిక్కీ అంచు మీద చేతులాన్చి బండిని కిందికి నొక్కి వదలమనండి. చక్రాలు నేల మీదే ఉంటాయి, మీరు పక్కన కూర్చుని షాకప్ కింది కొన దగ్గర వేళ్లు ఆన్చండి, తర్వాత పైకొన దగ్గర. అరిగిన బుష్ (కీలు దగ్గర ఉండే రబ్బరు తొడుగు) ఎక్కడుందో అక్కడ వేళ్లకు చిన్న దెబ్బలా తెలుస్తుంది. సైలెన్సరును వేలాడదీసే రబ్బరు తెగినా ఇదే చప్పుడొస్తుంది, దాన్నీ ఓసారి కదిపి చూడండి.

షాకప్ ఒంటి మీద సన్నగా నూనె చెమర్చినట్టు ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె కిందిదాకా జారి, దుమ్ము పట్టి నల్లగా గడ్డకట్టి ఉంటే సీలు పోయింది. ఇంకొక గుర్తు టైరు మీద దొరుకుతుంది. వెనక టైరు చుట్టూ అరచేత్తో నిమరండి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం, మళ్లీ ఎత్తు, ఇలా అలలు తగిలితే చక్రం రోడ్డు మీద సరిగా ఆనకుండా ఎగురుతూ పోతోందన్నమాట. షాకప్ మార్చగానే ఆ టైరు నున్నగా అయిపోదు, ఆ అలల వల్ల వచ్చే హోరు ఇంకొంతకాలం వినిపిస్తుంది. కొత్త షాకప్‌లు పనికిరావని అప్పుడు తొందరపడి తేల్చెయ్యొద్దు.

ఇక మెకానిక్ గారు ఒక్క వాక్యంలో చెప్పిన మూడింటినీ విడదీసి చూద్దాం.

స్ప్రింగులు ఊరికే మార్చకండి. అవి షాకప్‌లలా అరిగిపోయే సామాను కాదు. విరిగితేనో, కుంగితేనో మార్చాలి. చదునైన నేల మీద ఖాళీ బండిని నిలిపి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. కుడి ఎడమలు రెండూ కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ అంకె తర్వాత కూడా కావాలి, పారేయకండి. రెండు వైపులా దాదాపు ఒకటే ఉండి, స్ప్రింగు కింది చుట్టు చివర విరగకుండా ఉంటే వాటి జోలికి పోనక్కర్లేదు. కుంగిన స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు దిమ్మలు బజార్లో అమ్ముతారు. వాటిని నేను ఎవరికీ చెప్పను. రెండు చుట్లు కదలకుండా పట్టేస్తే ఆ కష్టమంతా మిగతా చుట్ల మీద పడుతుంది.

బుష్‌లు అన్నప్పుడు ఏ బుష్‌లు అని అడిగారా? అడగకపోతే ఫోన్ చేసి అడగండి, మీ పని ఇంట్లో అవుతుందా లేదా అన్నది ఆ జవాబు మీదే ఉంది. షాకప్ రెండు కొనల్లో ఉండే చిన్న రబ్బరు బుష్‌లైతే కొత్త షాకప్‌తో వస్తాయి, లేదా విడిగా తక్కువ ధరకే దొరుకుతాయి. వెనక యాక్సిల్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఇనుప దూలం, ముందు కొనలు బండి ఒంటికి తగులుకునే చోట కుడి ఎడమల చెరో పెద్ద బుష్ ఉంటుంది. అవి వేరే సంగతి. వాటిని మార్చాలంటే బీమ్‌ని కిందికి దించాలి, బ్రేకు గొట్టాలను, హ్యాండ్ బ్రేకు కేబుళ్లను విడిపించాలి, పాత బుష్‌ని నొక్కి బయటికి తీసి కొత్తదాన్ని వంకర లేకుండా నొక్కి ఎక్కించాలి. దానికి ప్రెస్సు ఉండాలి. సుత్తితో కొట్టి ఎక్కించిన బుష్ ఏనాడూ కుదురుగా కూర్చోదు. ఆ పనైతే గుంటూరు గానీ విజయవాడ గానీ పోయి ఆటోనగర్లో చేయించండి. ఆ బుష్‌లు పోయాయేమో మీరే చూసుకోవచ్చు. టార్చి వేసి చూస్తే రబ్బరు లోపలి గొట్టం నుంచి చీలి విడిపోయి కనిపిస్తుంది. బ్రేకు కొట్టినప్పుడు వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపించడం కూడా దాని గుర్తే.

మీ అన్నయ్య వీడియో గురించి ఒక మాట. ఆయన చేసింది మంచి పనే, కానీ అందులో చూసింది చూసినట్టు మీ బండికి చేయకండి. ఆ కామ్రీ వెనక ఉండేది స్ట్రట్. అంటే షాకప్ చుట్టూ స్ప్రింగు బిగించి, రెండూ ఒకే సామానుగా ఉంటాయి. ఆ దేశంలో స్ప్రింగుతో సహా ముందే బిగించిన స్ట్రట్‌లు అమ్ముతారు, పాతది మొత్తం ఊడదీసి కొత్తది మొత్తం పెట్టేస్తారు. అలాంటి బండికి ఎవరైనా స్ప్రింగు విడదీసి లోపలి షాకప్ మాత్రమే మార్చాలంటే స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టాలి. నొక్కిపట్టిన స్ప్రింగు చేతిలోంచి జారితే తుపాకి గుండులా ఎగురుతుంది. ఇంట్లో ఎవరూ ఆ పని చేయకూడదన్నది నా గట్టి మాట. మీ డిజైర్లో ఆ బెడద లేదు. వెనక స్ప్రింగు ఒకచోట, షాకప్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. బీమ్‌ని కిందికి వదిలితే స్ప్రింగు తనంతట తానే వదులవుతుంది. మీకు ధైర్యంగా సరే అంటున్నది అందుకే.

సామాను కొనేటప్పుడు రెండు వైపులకూ కలిపి జత కొనండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బండి గతుకు మీద ఒక పక్కకి తూలుతుంది. వాటితోపాటు షాకప్‌లోంచి బయటికి వచ్చే కడ్డీ మీదికి ఎక్కే బంప్ స్టాప్ రబ్బరు (షాకప్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ తగలకుండా ఆపేది), దుమ్ము పడకుండా కప్పే బూటు, పై బుష్‌లు, వాషర్లు, కొత్త లాక్ నట్లు తీసుకోండి. పాత బూటు చిరిగిందంటే దుమ్ము కడ్డీ మీద చేరి సీలును కోస్తుంది. షాకప్ మార్చి చిరిగిన బూటు అలాగే ఉంచితే మీరు పెట్టిన డబ్బు దుమ్ము పాలే. దుకాణంలో బండి పేరు, సంవత్సరం చెబితే చాలదు, ఆర్సీ మీద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు చూపించండి. మారుతి జెన్యూన్ తీసుకున్నా, గేబ్రియల్ లాంటి పేరున్న కంపెనీది తీసుకున్నా ఫరవాలేదు, బిల్లు మాత్రం తప్పకుండా అడగండి. రిపేరు చేసిన షాకప్ అని పాతవాటికి నూనె నింపి రంగు వేసి అమ్మేవి ఉంటాయి, సగం ధరకే ఇస్తామంటారు. వాటి వంక చూడకండి. పెట్టె విప్పించి కడ్డీ అద్దంలా మెరుస్తోందో లేదో చూడండి. దాని మీద తుప్పు చుక్క ఒక్కటున్నా తిరిగి ఇచ్చేయండి.

పనిముట్లలో మొదటివి రెండు టన్నుల హైడ్రాలిక్ ట్రాలీ జాకీ, రెండు ఇనుప స్టాండ్లు. యాక్సిల్ కింద ఆన్చడానికి ఇంకో చిన్న బాటిల్ జాకీ కావాలి. సాకెట్ సెట్టు, రింగు పానాలు, టార్క్ రెంచి (నట్టు ఎంత బిగువున బిగించామో కొలిచే పానా), ఇనుప తీగల బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే, కళ్లద్దాలు, నాలుగు చెక్క దిమ్మలు. ఇవన్నీ కొంటే మెకానిక్ కూలి కంటే ఎక్కువే అవుతుంది. డబ్బు మిగులుతుందని మాత్రం ఈ పనికి దిగకండి. బండి పని నేర్చుకోవాలన్న కోరికతో దిగితే ఆ సామాను ఇరవై ఏళ్లు మీతో ఉంటుంది. స్టాండ్ల బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టేవాళ్లున్నారు. సిమెంటు దిమ్మె ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగులుతుంది. అలా పగిలినప్పుడు కింద మనిషి ఉంటే చెప్పడానికేం మిగలదు.

నేల గురించి కూడా అంతే పట్టుదలగా చెబుతాను. మీ పల్నాడు వైపు నల్లరేగడి. పైన ఎండి గట్టిగా కనిపించినా స్టాండు కాళ్లు నాలుగు చోట్ల నొక్కేసరికి దిగిపోతుంది. ఇసుక మీద పరిచిన టైల్సు కూడా నమ్మదగ్గవి కావు. వాలు లేని సిమెంటు గచ్చు ఉండాలి. తారు రోడ్డయితే ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడుతుంది. పొద్దున్నే మొదలుపెట్టండి, మొదటిసారి కాబట్టి రోజంతా దీనికే కేటాయించుకోండి. ముందు రోజు సాయంత్రమే షాకప్ పైనా కిందా నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, రాత్రంతా నానుతుంది. పై నట్టు దగ్గరికి డిక్కీ లైనింగు విప్పి చేరాలా, మడ్‌గార్డు లోపలి నుంచి చేరాలా అన్నది కూడా ముందు రోజే చూసి పెట్టుకోండి. విప్పేముందు వాషర్లు, బుష్‌లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

పని రోజున మొదటి మెట్టు చాలామంది తప్పుగా వేస్తారు. హ్యాండ్ బ్రేకు లాగాం కదా, బండి కదలదు అనుకుంటారు. మీ బండిలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. మీరు గాల్లోకి లేపబోయేది కూడా వాటినే. వెనక చక్రాలు లేచాక బండి కదలకుండా పట్టుకునేవి ముందు చక్రాలు మాత్రమే. కాబట్టి బండిని మొదటి గేరులో వేసి, తాళం తీసేసి, రెండు ముందు చక్రాలకూ ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా దూర్చండి. వెనక చక్రాల నట్లు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి, తర్వాతే ఎత్తండి. డోర్ల కింది అంచున జాకీ పెట్టే చోటు గాట్లతో గుర్తు పెట్టి ఉంటుంది. స్టాండ్లు అక్కడే పెట్టాలి. వెనక బీమ్ మధ్యలో జాకీ పెట్టి బండిని ఎత్తకండి. ఆ బీమ్ మెలి తిరగడానికే చేసింది, బండి బరువు మొయ్యడానికి కాదు. బండి స్టాండ్ల మీద కూర్చున్నాక చక్రం తీయకముందే పక్క నుంచి రెండు చేతులతో గట్టిగా ఊపండి. పడేదేదో అప్పుడే పడాలి, మీరు కింద చెయ్యి పెట్టాక కాదు.

తీసిన చక్రాన్ని గోడకి ఆన్చకండి, డోరు కింద బండి ఒంటి కిందికి పడుకోబెట్టి తోయండి. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి నేను స్టాండు పెట్టడానికి బద్ధకించి, జాకీ మీదే బండిని వదిలి బ్రేకు డ్రమ్ము విప్పుతున్నాను. జాకీ లోపలి సీలు పోయింది. బండి చప్పుడు లేకుండా దిగింది. కింద పడుకోబెట్టిన చక్రం మీద ఆగింది కాబట్టి నా కుడి చెయ్యి నాకు మిగిలింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా స్టాండు పెట్టకుండా ఒక్క బండి కింద కూడా చెయ్యి పెట్టలేదు. మీరు కూడా పెట్టకండి.

ఇప్పుడు మళ్లీ ఆ ప్రశ్న. బండిని స్టాండ్లు మోస్తున్నాయి. మరి గాల్లో వేలాడుతున్న యాక్సిల్‌ని, దాని చివర డ్రమ్ములను ఎవరు పట్టుకున్నారు? షాకప్‌లే. అవి పూర్తిగా సాగి, యాక్సిల్ ఇంతకంటే కిందికి పోకుండా ఆపుతున్నాయి. కింది బోల్టు లాగేస్తే ఆ పట్టు పోతుంది. యాక్సిల్ ఒక్క కుదుపుతో దిగుతుంది, స్ప్రింగు జారుతుంది, బ్రేకు రబ్బరు గొట్టం సాగి తెగవచ్చు. అందుకే చిన్న జాకీని స్ప్రింగు కూర్చునే గిన్నె కింద చెక్క ముక్కతో సహా ఆన్చి, యాక్సిల్ ఓ వేలెడు పైకి లేచేదాకా తొక్కండి. అంతే. ఇంకా తొక్కితే బండి స్టాండు మీంచి లేస్తుంది. ఒక వైపు పని పూర్తిగా ముగిశాకే రెండో వైపు ముట్టుకోండి. అప్పటిదాకా ఆ రెండో షాకప్ కూడా యాక్సిల్‌ని పట్టి ఉంచుతుంది.

ముందు పై నట్టు. పానా తిప్పితే నట్టుతోపాటు కడ్డీ కూడా గిరగిరా తిరుగుతుంది. కడ్డీ కొసన చిన్న పానా పట్టడానికి చదును చేసిన చోటు ఉంటుంది, అక్కడ పట్టుకుని నట్టు తిప్పాలి. మెరిసే భాగాన్ని పట్టకారుతో పట్టుకోవద్దు. పాతదైతే ఎలాగూ పారేసేదే కాబట్టి ఫరవాలేదు. కొత్తది బిగించేటప్పుడు కూడా చెయ్యి అదే అలవాటుకు పోతుంది, ఆ గీత కొద్ది వారాల్లో సీలును తినేస్తుంది. తర్వాత కింది బోల్టు. నట్టు తీశాక కూడా బోల్టు రాకపోతే సుత్తి అందుకోకండి. కింది జాకీని కొంచెం ఎత్తండి, కొంచెం దించండి. షాకప్ మీద లాగుడు పోయిన చోట బోల్టు వేలితో తోస్తే వచ్చేస్తుంది. ఆ తర్వాత జాకీని నిదానంగా దించుతూ ఒక కన్ను బ్రేకు గొట్టం మీద, ఏబీఎస్ ఉన్న బండైతే దాని తీగ మీద ఉంచండి. స్ప్రింగు వదులై కదులుతుంది. దాని మధ్య వేళ్లు పెట్టకండి. తీసి శుభ్రం చేసి, కింద పైన రబ్బరు గిన్నెలు చిరిగాయేమో చూడండి. టకటకల్లో సగం అక్కడే దొరకవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు స్ప్రింగు చివరి చుట్టు కొస గిన్నెలో ఉన్న మెట్టుకు ఆనాలి.

కొత్త షాకప్‌ని పాతదాని పక్కన నిలబెట్టి పొడవు, బోల్టు దూరే కింది కన్ను వెడల్పు పోల్చండి. పెట్టెలో అడ్డంగా పడి ఉన్నప్పుడు లోపలి గాలి నూనెలోకి చేరి ఉంటుంది. కడ్డీ పైకి ఉండేలా నిలబెట్టి, పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, ఓ అయిదారుసార్లు చేయండి. మొదట రెండు సార్లు మధ్యలో డొల్లగా తగిలి, తర్వాత ఒకే బిగువున నడుస్తుంది. ఆ తర్వాత మళ్లీ పడుకోబెట్టకండి, నిలువుగానే తీసుకెళ్లి బిగించండి. గ్యాస్ షాకప్ అయితే నొక్కి వదిలినప్పుడు కడ్డీ తనంతట తాను పైకి వస్తుంది, అది దాని స్వభావం. బంప్ స్టాప్, బూటు, వాషరు, బుష్ ఫొటోలో ఉన్న వరసలో ఎక్కించి, పై నట్టు చేత్తో తిప్పగలిగినంత తిప్పండి. కింది జాకీని ఎత్తి కన్ను రంధ్రానికి ఎదురుగా తెచ్చి బోల్టు తోయండి. దాని నట్టు కూడా చేత్తోనే.

ఇక్కడే చాలా గ్యారేజీల్లోనూ జరిగే తప్పు ఒకటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగానే కింది బోల్టు గట్టిగా బిగించేస్తారు. కింది కన్నులో ఉన్న బుష్‌కి బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో వాటికి అతికిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్టుకి కదలకుండా పట్టేస్తుంది. ఆ తర్వాత షాకప్ ఊగినప్పుడల్లా రబ్బరే మెలి తిరగాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ వేలాడే భంగిమే దానికి విశ్రాంతి స్థానం. బండిని కిందికి దించగానే రబ్బరు మెలి పడిపోతుంది, నిలబడి ఉన్నంతసేపూ మెలితోనే ఉంటుంది. అలాంటి బుష్ నెలల్లో చిరుగుతుంది, ఆ నింద సామాను మీద పడుతుంది. కాబట్టి కింది బోల్టు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. చక్రాలు ఎక్కించి బండిని నేల మీదికి దించి, ఒకసారి ముందుకూ వెనక్కీ జరిపి, అప్పుడు పక్క నుంచి పానా దూర్చి బిగించండి. చెయ్యి దూరకపోతే ఇంకో దారి ఉంది. బండి స్టాండ్ల మీద ఉండగానే చిన్న జాకీతో యాక్సిల్‌ని నెమ్మదిగా ఎత్తుతూ, మొదట కాగితం మీద రాసుకున్న కొలత వచ్చేదాకా తెచ్చి, అక్కడ బిగించండి. కొలత రాకముందే బండి ఒళ్లు స్టాండు మీంచి లేవబోతుంటే ఆపేసి నేల మీదే బిగించుకోండి. ఎంత బిగువన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకె ప్రకారం టార్క్ రెంచితోనే పట్టండి. పానాకి గొట్టం తగిలించి ఒంటి బరువంతా వేసి లాగడం విప్పడానికే గానీ బిగించడానికి కాదు. పాత లాక్ నట్లు మళ్లీ వాడకండి.

అలైన్‌మెంట్ అక్కర్లేదు. మీ బండి వెనక బీమ్‌లో చక్రాల కోణాన్ని సరిచేసే ఏర్పాటే లేదు, షాకప్ మారిస్తే ఆ కోణం మారదు కూడా. వెనక అలైన్‌మెంట్ అని ఎవరైనా డబ్బడిగితే ఏ మర తిప్పుతారో చూపించమనండి. పాత షాకప్‌లు పాత సామాన్ల వాళ్లకిస్తే లోపల గ్యాస్ ఉందని చెప్పి ఇవ్వండి, మంటతో కోయబోతే పేలతాయి.

ఇక నాన్నగారు. వద్దన్న మనిషిని దూరంగా కూర్చోబెట్టకండి. ఈ పని ఒంటరిగా చేసేది కాదు, పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆయన్నే ఉండమని అడగండి. బండిని ఊపి చూసేటప్పుడు ఆయన చేత ఊపించండి, స్టాండ్లు సరిగా కూర్చున్నాయని ఆయన నోటితో అన్నాకే చక్రం విప్పండి. భయపడే మనిషి కళ్లు మనం చూడనివి చూస్తాయి.

బయల్దేరే ముందు బ్రేకు పెడలు రెండు సార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూడండి. చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించారో లేదో చూసుకుని, వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో సరిచూడండి, షాకప్ పైనా కిందా కూడా. ఆ తర్వాత కోటప్పకొండ దారిలో మీకు బాగా తెలిసిన గతుకులు ఎంచుకుని, నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లండి. చప్పుడు పోయిందీ లేనిదీ డ్రైవరు సీట్లో సరిగా తెలియదు. ఇంకా ఉందని ఆయన అంటే ఏ వైపు నుంచో, ఎలాంటి రోడ్డు మీదో ఆయన్నే చెప్పమని, అదంతా నాకు రాయండి.